అక్టోబరు ఎండలోనే ఆరాలి

ఈ వ్యాసం పరుపుల గురించి. మంచం మీదవి కావు, పడవలోవి. తెరచాప పడవ అనగానే హైదరాబాదు వాళ్లకి హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవలు గుర్తొస్తాయి. ఏడడుగుల పైచిలుకు పొడుగు, ఒక్కటే తెరచాప, ఒక్కరికే చోటు. వాటిలో పరుపు పరిచే ప్రసక్తే లేదు. నేను చెప్పేది లోపల పడుకుని, వండుకుని, రెండు మూడు రోజులు కాపురం చేయగలిగే పడవల సంగతి. మాది క్యాటలీనా 27. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ పెట్టిన కంపెనీ 1971లో మొదలుపెట్టి ఈ మోడల్ ఆరు వేలకి పైగా తయారుచేసింది. అందుకే అమెరికాలో ఏ రేవుకి వెళ్లినా ఒకటో రెండో కనిపిస్తాయి, పాతవి చవగ్గా దొరుకుతాయి. ముక్కు దగ్గర ఇద్దరు పడుకునే త్రికోణపు పడక, మధ్యలో బల్ల, దాని పక్కన సీట్లు, వెనక మూల మెట్ల కిందికి దూరే ఇంకో పడక. వీటన్నిటి మీదా నాలుగంగుళాల మందం ఫోమ్ పరుపులు. ఏ పరుపూ ఇంకో పరుపు చోట్లో పట్టదు. పడవ ఒళ్లు ఎలా వంపు తిరిగితే అంచు అలా కోసి కుట్టినవి.

మేం ఉండేది డెట్రాయిట్ శివార్లలో. నేను ఫార్మసిస్ట్‌ని. మా ఆయనకి నీళ్లంటే మక్కువ గానీ కడుపులో తిప్పుతుంది. కాబట్టి చుక్కాని నా చేతిలో, ఫలహారాల సంచీ ఆయన చేతిలో. పడవ ఉండేది లేక్ సెయింట్ క్లెయిర్‌లో. హ్యూరాన్, ఈరీ సరస్సుల మధ్య ఉన్న మంచినీటి సరస్సు అది. వెడల్పు చూస్తే అవతలి ఒడ్డు కనపడదు, లోతు మాత్రం సగటున 11 అడుగులే. అంత తక్కువ లోతు కాబట్టి చలికాలంలో గడ్డకడుతుంది. జనం ఆ మంచు మీద కుర్చీలేసుకుని, కన్నం చేసి, చేపలు పడతారు. అక్కడ పడవ ఉంటే మంచు దాన్ని నలిపేస్తుంది. అందుకని అక్టోబరులో రేవువాళ్లు క్రేన్‌తో పైకెత్తి, జాక్ స్టాండ్‌ల మీద నిలబెడతారు. పైన తెల్లటి ప్లాస్టిక్ షీటు కప్పి, మంట చూపించి బిగుతుగా ముడుచుకునేలా చేస్తారు. ష్రింక్ ర్యాప్ అంటారు దాన్ని. ఇక మే నెల దాకా అంతే.

పడవని చలికాలానికి సిద్ధం చేయడం మీద బోలెడన్ని సలహాలు దొరుకుతాయి. ఇంజన్‌లోకి ఏ యాంటీఫ్రీజ్ పోయాలి, బ్యాటరీని ఇంటికి తేవాలా వద్దా, నీళ్ల గొట్టాలు ఎలా ఖాళీ చేయాలి. పరుపుల దగ్గరికొచ్చేసరికి “తీసి దాచండి” అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటారు. ఎలా దాచాలో చెప్పరు. ఫలితం మేలో తెలుస్తుంది. కేబిన్ తలుపు తీయగానే గుప్పుమని ముక్క వాసన. ఆ వాసనని పోగొట్టడానికి స్ప్రేలూ పొడులూ కొంటారు. అదంతా దండగ ఖర్చని నా అభిప్రాయం. ఆ వాసన చలికాలంలో పుట్టింది కాదు. అక్టోబరులో మనం పరుపుతో పాటు లోపల దాచిపెట్టిన నీళ్లలో పుట్టింది.

వాసన అంటే ఏమిటో ముందు చూద్దాం. బూజుకి మూడు కావాలి: తిండి, వెచ్చదనం, నీళ్లు. తిండి ఎక్కడైనా ఉంటుంది. మన ఒంటి మీంచి రాలిన చర్మపు పొట్టు, చెమట, ఒలికిన కాఫీ, బిస్కెట్ నూక చాలు. ఫోమ్‌ని బూజు తినాల్సిన పని లేదు, దాని సందుల్లో పేరుకున్న మురికిని తిని బతికేస్తుంది. వెచ్చదనం మనకి ఏది హాయో దానికీ అదే హాయి, 20 నుంచి 30 డిగ్రీలు. గడ్డకట్టే చలిలో పెరగడం ఆపేస్తుంది, కానీ చచ్చిపోదు. దాని బీజాలు చలికాలమంతా నిద్రపోయి ఏప్రిల్‌లో ఎండ తగలగానే లేస్తాయి. కాబట్టి “మిషిగన్ చలికి బూజు చచ్చిపోతుందిలే” అన్న మాట నమ్మకండి. ఇక మిగిలింది నీళ్లు. మన చేతిలో ఉన్నది అదొక్కటే. గాలిలో తేమ 60 శాతం దాటకుండా, వీలైతే 30కీ 50కీ మధ్య ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్లకి చెప్పే సలహా. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లోపల ఆరబెడితే చాలావరకు బూజు పట్టదనీ అదే సంస్థ చెబుతుంది. పడవ పరుపుకీ ఈ లెక్కే.

బూజు పెరిగేటప్పుడు కొన్ని ఆవిరులు వదులుతుంది. వాటిలో ఒకటి 1-ఆక్టెన్-3-ఆల్. పుట్టగొడుగులు కోసినప్పుడు వచ్చే వాసన అదే. ఇంకోటి జియోస్మిన్. దీన్ని మట్టిలోని సూక్ష్మజీవులూ, కొన్ని బూజులూ తయారుచేస్తాయి. 1965లో దీన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు. తొలకరి జల్లు పడగానే మట్టిలోంచి లేచే వాసనకి ముఖ్య కారణం ఇదే. లక్ష కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా మన ముక్కు పట్టేస్తుంది. జూన్‌లో పెరట్లో నిలబడి గుండెనిండా పీల్చుకునే పదార్థమే పరుపులోంచి వస్తే ముక్కు మూసుకుంటాం. నాకిది భలే తమాషాగా ఉంటుంది. ఇందులో పనికొచ్చే సంగతి కూడా ఉంది. ముక్కు ఇంత సున్నితంగా పడుతోందంటే కంటికి నల్లమచ్చ కనపడక ముందే వాసన తెలుస్తుంది. వాసన వచ్చిందంటే బూజు ఎక్కడో పెరుగుతున్నట్టే, మచ్చ కనపడకపోయినా సరే.

మరి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? సరస్సులోంచి అనుకుంటారు. చాలామటుకు కాదు. డెక్ మీది కంబీలూ కొక్కేలూ బిగించిన బోల్టుల పక్కనుంచి వాన కారుతుంది. కిటికీల రబ్బరు ఎండిపోయి ఊరుతుంది. ఈతకొట్టి వచ్చిన పిల్లలు తడి నిక్కర్లతోనే లోపలికొచ్చి కూర్చుంటారు. వంట కూడా నీళ్లు పోస్తుంది. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నర పైన నీటి ఆవిరి పుడుతుంది. మా పడవలోది ఆల్కహాల్ స్టవ్, దానికీ కిలోకి కిలో పైచిలుకు లెక్క. అన్నం గిన్నెలోంచి వచ్చే ఆవిరి దీనికి అదనం. అందుకే స్టవ్ వెలిగిస్తే పైకప్పు కిటికీ తెరిచి తీరాలి. తిరగమోత మాత్రం కేబిన్‌లో నిషేధం. ఇంగువ వాసన ఫోమ్‌లోకి ఎక్కితే ఈ వ్యాసంలో ఉన్న ఏ ఉపాయమూ దానికి పనిచేయదు.

అందరూ మరిచిపోయేది మనిషిని. నిద్రపోయే మనిషి ఊపిరిలోనూ చెమటలోనూ రాత్రికి పెద్ద గ్లాసుడు నీళ్లు వదులుతాడు. అందులో కొంత పరుపులోకి దిగుతుంది. మే చివర్లో సరస్సు నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. పడక కింద పలక, దాని కింద ఫైబర్‌గ్లాస్, దాని అవతల ఆ చల్లటి నీళ్లు. ఒంటి వేడితో కిందికి దిగిన ఆవిరి ఆ చల్లటి పలకని తాకగానే నీళ్ల బొట్లవుతుంది. పొద్దున్నే పరుపు ఎత్తి చూస్తే మనిషి పడుకున్నంత మేర చెమ్మ ముద్ర ఉంటుంది. పాత పడవల్లో ఇంకో చిక్కు. పైన గుడ్డ, అడుగున వినైల్ వేసి కుట్టేవారు, కింద నుంచి తడి ఎక్కకుండా. కానీ మన తడి పైనుంచి వస్తుందాయె. దిగింది వినైల్ దగ్గర ఆగిపోతుంది, బయటికి దారి లేదు. మా పరుపులకి ఆ వినైల్ తీయించి గట్టి నెట్ గుడ్డ వేయించాను. పరుపుకీ పలకకీ మధ్య గాలి ఆడేలా ప్లాస్టిక్ తీగల చాప ఒకటి పరిచాం. పడవలకోసమే చుట్టలుగా అమ్ముతారు. వేసవి పొడుగునా చెమ్మ తగ్గితే అక్టోబరు పని సగం అయిపోయినట్టే.

మాది మంచినీటి సరస్సు కాబట్టి ఒక బాధ తప్పింది. అన్నాపోలిస్‌లో పడవ ఉన్న స్నేహితురాలికి ఉప్పు కూడా ఉంది. ఉప్పు గాలిలోంచి తేమని లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరుకారిపోతుంది. వానాకాలంలో కోనసీమ ఇళ్లలో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం దగ్గరే మొదలుపెడుతుంది. అంటే ఉప్పునీళ్లలో తడిసిన పరుపుని ఎంత ఆరబెట్టినా, ముసురు పట్టిన రోజున అది మళ్లీ తనంతట తనే తడుస్తుంది. దానికి ఒకటే మందు, ముందు మంచినీళ్లతో బాగా పిండి ఉప్పు కడిగేయడం, ఆ తర్వాతే ఆరబెట్టడం.

ఇప్పుడు అసలు పని. సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో మిషిగన్‌లో కొన్ని రోజులు మంచి ఎండ కాస్తుంది. వేడి అంతగా ఉండదు గానీ గాలి ఉంటుంది. పడవని పైకి తీసే రోజుదాకా ఆగకుండా ఆ ఎండల్లోనే పరుపులు ఇంటికి తెచ్చేస్తాను. పైకి తీసే రోజు ఎలాగూ వాన పడుతుంది, అది రేవు ఆచారం. పెరట్లో డెక్ కటకటాలకి ఆనించి, నిలువుగా, పలచటి అంచు కిందికి వచ్చేలా నిలబెడతాను. పడుకోబెడితే అడుగుభాగం ఆరదు.

మా అమ్మ అమలాపురం నుంచి వస్తే విజిటర్ వీసా మీద అక్టోబరు దాకా ఉంటుంది. ఈ పనిలో ఆవిడే మేస్త్రి. బూరుగు దూది పరుపులు డాబా మీద ఎండేసి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చిన చెయ్యి.

“అమ్మాయ్, కింది అంచు చూశావా? నీళ్లు కిందికే దిగుతాయి.”

“తెలుసమ్మా, మధ్యాహ్నం తిరగేస్తా.”

“మధ్యాహ్నం దాకా ఎందుకే? ఎండ ఉన్నంతసేపే మన పని.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఫోమ్‌లో గాలి గదులన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. నిలబెడితే నీళ్లు మెల్లగా కింది అంచుకి చేరతాయి. పైసగం ఎండి కరకరలాడుతుంటే కింద నాలుగు వేళ్ల మేర చెమ్మగానే ఉంటుంది. జిప్పు తీసి, చెయ్యి మణికట్టు దాకా లోపలికి దూర్చి, వేళ్ల వెనకవైపుతో ఫోమ్‌ని తాకాలి. అరచేతికి తడి తెలియకపోవచ్చు, వేళ్ల వెనక చర్మానికి చల్లదనం తెలుస్తుంది. ఎండలో నిలబెట్టిన పరుపు లోపల చల్లగా తగిలిందంటే అక్కడ నీళ్లు ఇంకా ఆవిరవుతున్నాయన్నమాట. మూలల్లో, కుట్టు పైపింగ్ వెంబడి, జిప్పు పక్కన మరీ చూడాలి. మా అమ్మ అయితే చెంప ఆనిస్తుంది.

నాకు చేతి లెక్క చాలదు, తూకం కావాలి. మందులు తూచే వృత్తి కదా. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు 23 కిలోలు దాటిందా లేదా అని చూసే కొక్కెం త్రాసు ఇక్కడ ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. ఏడాదిలో మిగతా రోజులు సొరుగులో పడుంటుంది. దానికి నేనిచ్చిన ఉద్యోగం ఇది. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పరుపులో నాలుగు ఘనపుటడుగుల ఫోమ్ ఉంటుంది. సీట్లకి వాడే మామూలు ఫోమ్ ఘనపుటడుగు సుమారు రెండు పౌన్లు. అంటే మొత్తం ఎనిమిది పౌన్లు, మూడు కిలోల ఆరొందల గ్రాములు, పై గుడ్డ బరువు అదనం. జులైలో బాగా ఎండిన రోజున ఒక్కో పరుపునీ తూచి, ఆ అంకెని జిప్పు లోపలి పట్టీ మీద మార్కర్‌తో రాసేశాను. అక్టోబరులో తూకం నాలుగొందల గ్రాములు ఎక్కువ చూపిస్తే లోపల దాదాపు అర లీటరు నీళ్లున్నట్టు. జులై అంకెకి దిగేదాకా ఆ పరుపు మేడ ఎక్కదు. పైకి ఎంత పొడిగా కనిపించినా సరే.

నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయాలి. అక్టోబరు సాయంత్రం గాలి చల్లబడుతున్నకొద్దీ తేమ శాతం పెరుగుతుంది, మంచు దిగుతుంది. పగలంతా పోయిన నీళ్లలో కొంత తిరిగి వచ్చేస్తుంది. రాత్రికి గదిలో ఫ్యాన్ పెట్టి, మర్నాడు మళ్లీ బయటికి. ఎండ లేకపోతే డీహ్యుమిడిఫయర్ ఉన్న గదిలో ఫ్యాన్ ముందు. హీటర్ దగ్గర పెట్టద్దు. ఫోమ్ తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే వచ్చే పొగ విషం.

పైగుడ్డలు ఏడాదికోసారి ఉతకాలి. పడవల్లో ఎక్కువగా కనిపించేది సన్‌బ్రెల్లా, 1961 నుంచి ఉన్న అక్రిలిక్ గుడ్డ. దారం తీయకముందే రంగు కలుపుతారు కాబట్టి వెలవదు. చల్లటి నీళ్లు, కొద్దిగా సబ్బు, నీడ గాలిలో ఆరబెట్టడం. డ్రయర్‌లో వేస్తే ముడుచుకుపోయి, ఆ తర్వాత పరుపు దానిలో పట్టదు. గుడ్డ తీసినప్పుడు ఫోమ్ చుట్టూ పలచటి ప్లాస్టిక్ పొర కనిపిస్తే ఆశ్చర్యపోకండి. గుడ్డలోకి ఫోమ్ జారడానికి కుట్టేవాళ్లు చుడతారు. సోఫాకి పరవాలేదు, పడవకి వద్దు. నేనైతే చింపి తీసేస్తాను.

కొద్దిగా వాసన మొదలైన ఫోమ్ అయితే స్నానాల తొట్టిలో వేసి, తెల్ల వెనిగర్‌కి సమానంగా నీళ్లు కలిపి, కాలితో తొక్కి పిండి, తర్వాత మంచినీళ్లు మారుస్తూ మళ్లీ తొక్కడం ఉత్తమం. ముఖానికి మాస్క్ పెట్టుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గరికి రాకుండా చూడండి. ఇలా తడిపిన ఫోమ్ ఆరడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులు ఎండ ఖాయమైతేనే మొదలుపెట్టాలి, లేకపోతే రోగం కంటే మందు ఎక్కువ హాని చేస్తుంది. బ్లీచ్ సంగతి. సన్‌బ్రెల్లా గుడ్డ పలచటి బ్లీచ్‌కి ఓర్చుకుంటుంది, ఫోమ్ ఓర్చుకోదు. ఒక సంగతి మందుల కొట్టులో నిలబడి చెప్పినంత గట్టిగా చెబుతున్నాను: బ్లీచ్, వెనిగర్ కలపకూడదు. ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. కేబిన్ అంత ఇరుకు చోట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మనవాళ్లకి వెంటనే తట్టే ఇంకో మందు కలరా ఉండలు. ట్రంకు పెట్టెలో పట్టుచీరల మధ్య వేసే అలవాటు కదా. పరుపుల్లో వద్దు. అవి పురుగుని ఆపుతాయి, చెమ్మని ఆపలేవు. పైగా ఆ వాసన ఫోమ్‌లో ఎక్కితే ఎన్నాళ్లకీ వదలదు. వాటిలో ఉండే నాఫ్తలీన్ పసిపిల్లలకి ప్రమాదం. జి6పిడి అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టేస్తుంది. ఆ లోపం మన దేశంలో అరుదేమీ కాదు.

బూరుగు మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. రసాయనాల ఫోమ్ రాకముందు పడవ పరుపుల్లోనూ, ప్రాణరక్షక జాకెట్లలోనూ కూరేది బూరుగు దూదే. ఇక్కడ కేపాక్ అంటారు. ఒక్కో పోగూ లోపల బోలు, పైన మైనపు పూత. అందుకే నీళ్లు అంటవు, తేలుతుంది. అమెరికాకి అది జావా నుంచి వచ్చేది. 1942లో జపాను జావాని ఆక్రమించుకోవడంతో రాక ఆగిపోయింది. నావికులకి జాకెట్లెలా? అప్పుడు మిషిగన్‌లోనే, పెటోస్కీ అనే ఊళ్లో, మిల్క్‌వీడ్ కాయల్లోని దూదిని వేరుచేసే కార్ఖానా పెట్టారు. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి దగ్గరి చుట్టం, కాయ పగిలితే గింజకి తెల్లటి పట్టుకుచ్చు కట్టుకుని అలాగే ఎగిరిపోతుంది. దేశమంతా బడిపిల్లలు చేలగట్ల వెంట తిరిగి ఆ కాయలు ఏరారు. రెండు సంచుల కాయలు ఒక ప్రాణాన్ని కాపాడతాయన్నది అప్పటి నినాదం. రెండు సంచులకి ఒక జాకెట్టు అన్నది లెక్క. మా అమ్మకి ఈ కథ చెబితే, “మరి ఆ దూదినీ ఎండబెట్టే కూరారుగా?” అని అడిగింది. ఎండబెట్టే. ఏరిన కాయల సంచుల్ని ముందు కంచెలకి వేలాడదీసి ఆరనిచ్చాకే కార్ఖానాకి పంపేవారు.

ఆరాయి సరే, ఎక్కడ పెట్టాలి? ఇక్కడ మన ఊహకి వ్యతిరేకమైన సంగతి ఒకటుంది. చలికాలం అంటే చెమ్మ అనుకుంటాం, బయట మంచు కురుస్తుంటే అలాగే అనిపిస్తుంది. కానీ చల్లటి గాలి నీటి ఆవిరిని ఎక్కువ పట్టుకోలేదు. సున్నా డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో మహా అయితే 4.8 గ్రాములు ఉంటాయి. అదే గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే 17.3 గ్రాములు పట్టగలదు. ఉన్నదేమో 4.8 గ్రాములే. అంటే తేమ 30 శాతం లోపే. బయట సున్నా కంటే ఇంకా దిగితే ఇంకా తక్కువ. జనవరిలో మా మేడ మీద గది రాయలసీమ ఏప్రిల్ మధ్యాహ్నంలా ఉంటుంది. పెదాలు పగులుతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొడుతుంది. పరుపులకి ఇంతకన్నా మంచి చోటు డబ్బిచ్చినా దొరకదు.

అందుకని నేను వాటిని అతిథుల గదిలో పెడతాను. బయటి గోడకి ఆనించను, అది చల్లగా ఉంటుంది కాబట్టి. లోపలి గోడ వెంట, నిలువుగా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడు వేళ్ల సందు ఉండేలా. జిప్పులు జానెడు తెరిచి ఉంచుతాను. పైన దుమ్ము పడకుండా పాత నేత చీరలు. నూలుగుడ్డ గాలి ఆడనిస్తుంది, ప్లాస్టిక్ ఆడనివ్వదు. గాలి పీల్చేసి నొక్కిపెట్టే వాక్యూమ్ సంచులు అసలే వద్దు. నెలల తరబడి నొక్కుకుపోయిన ఫోమ్ మళ్లీ పూర్తిగా లేవదు, లోపల రవ్వంత చెమ్మ మిగిలినా తలుపేసి వంట పెట్టినట్టే. ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినా అడుగువి అణిగిపోతాయి. పండక్కి చుట్టాలొస్తే గది ఖాళీ చేయాల్సి వస్తుంది. “ఏమండీ, ఈ పరుపుల్ని కాస్త మన గదిలోకి” అంటే, ఆయన “నా మంచం ఒక్కటీ వదిలెయ్యి చాలు” అంటారు.

బేస్‌మెంట్‌లో పెట్టేవాళ్లు చాలామంది. చలికాలం వరకూ పరవాలేదు, సిమెంటు నేల మీద కాకుండా అరల మీద, గోడకి దూరంగా ఉంటే. ఏప్రిల్, మేలో మంచు కరిగి వానలు మొదలయ్యాక బేస్‌మెంట్‌లో తేమ ఎగబాకుతుంది, అప్పటికి బయటికి తీసేయాలి. తేమ చూసే చిన్న మీటరు ఒకటి అక్కడ వేలాడదీయండి. అది నిజం చెబుతోందా లేదా తెలుసుకోడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్‌లాక్ సంచీలో మూసి రాత్రంతా ఉంచితే 75 శాతం చూపించాలి. ఎంత తేడా చూపిస్తే అంత తప్పు చెబుతోందన్నమాట. ఇక గ్యారేజీ వద్దే వద్దు. కార్ల మీది మంచు కరిగి కారేది అక్కడే, ఎలుకలు చలికి తలదాచుకునేదీ అక్కడే.

పడవలోనే వదిలేయక తప్పనివాళ్లు ఉంటారు. అపార్ట్‌మెంట్‌లో చోటుండదు మరి. ష్రింక్ ర్యాప్ కింద ఏం జరుగుతుందో వాళ్లు తెలుసుకోవాలి. మార్చి ఎండకి లోపల వేడెక్కి, అడుగున నిలిచిన నీళ్లూ, చెక్కలోని చెమ్మా ఆవిరవుతాయి. రాత్రి ప్లాస్టిక్ చల్లబడి ఆ ఆవిరి బొట్లయి కారుతుంది. రోజూ ఇదే తంతు. ప్లాస్టిక్‌కి గాలి కన్నాలు రెండు వైపులా పెట్టించాలి. పడవ అడుగు గుంటని గుడ్డతో తుడిచి పొడిగా చేయాలి. పరుపుల్ని పలక మీంచి లేపి, పడవ గోడకి తగలకుండా, కేబిన్ మధ్యలో నిలబెట్టాలి. పడకల కింది అరల మూతలు తెరిచి ఉంచాలి. తేమ పీల్చే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు అమ్ముతారు. అవి పీల్చిన నీళ్లు చిక్కటి ఉప్పునీళ్లుగా డబ్బాలోనే నిలుస్తాయి. డబ్బా ఒరిగి పరుపు మీద పడితే ఆ మరక తనంతట తను ఎప్పటికీ ఆరదు, అదే తేమని లాగుతూ ఉంటుంది. కాబట్టి వాటి చోటు వంటగది సింకులో, పరుపుల పక్కన కాదు. కంప్రెసర్ ఉన్న డీహ్యుమిడిఫయర్ ఆ చలిలో సరిగ్గా పనిచేయదు. హీటరు పెట్టి తాళమేసి వెళ్లిపోవడం అగ్గితో చెలగాటం.

పడవలో వదిలేస్తే ఎలుకల బెడదా ఉంటుంది. ఫోమ్ కొరికి గూడు కడతాయి. బట్టల డ్రయర్‌లో వేసే సువాసన కాగితాలు పెడితే రావని రేవులో గట్టి నమ్మకం. అది ఎలుకలకి తెలిసినట్టు లేదు. బిస్కెట్ నూక, బియ్యపు గింజ కూడా లేకుండా అరలు తుడవడం, పడవకి నిచ్చెన ఆనించి వదలకపోవడం మేలు. ఎలుక ఉచ్చ పోసిన ఫోమ్‌కి వైద్యం లేదు.

ఫోమ్‌ని పారేయాల్సిన రోజు ఎలాగూ ఒకటొస్తుంది. మధ్యలో గుంట పడి లేవకపోతే, నలిపితే పొడి రాలితే, ఉతికి ఆరబెట్టినా ఎండ తగలగానే వాసన తిరిగొస్తే ఇంకా పట్టుకుని వేలాడకండి. గుడ్డ బాగుంటే ఉంచి లోపలిదొక్కటే మార్చుకోవచ్చు. అయితే పాతదాన్ని చెత్తబండికి ఎత్తేముందు పెద్ద కాగితం పరిచి, పైముఖం ఒకటి, అడుగుముఖం ఒకటి, రెండూ విడివిడిగా గీయండి. పడవ గోడ వాలుకి తగ్గట్టు కోసిన పరుపుకి ఆ రెండూ ఒకే కొలత ఉండవు. ఏ గీత పైదో, ఏది కుడివైపు పడకదో అక్కడే రాసిపెట్టండి. కోసేవాడు తలకిందులుగా కోస్తే ఆ ముక్క ఎడమవైపు పడకకి సరిపోతుంది గానీ, అక్కడికి ఇప్పటికే ఒకటి ఉంటుంది.